నలభై ఎనిమిదో ముడి

చెమట పట్టి ఒళ్లు చల్లబడితే బెల్లం. నోరెండి ఊపిరి పెద్దగా తీస్తుంటే సూది. అంతేనా, లేక అటుది ఇటా? హిందూపురం డాక్టరు ఈ మాట నా చేత మూడుసార్లు పలికించాడు, మూడుసార్లూ తప్పు లేకుండా పలికాను, ఇప్పుడు పెనుకొండ స్టేషన్లో ఆగిపోయిన ఈ ప్యాసింజరు బండిలో, నా తొమ్మిదేళ్ల కూతురు కుళ్ళాయమ్మ నా ఒళ్లో తల పెట్టుకుని పిలిస్తే పలక్కుండా పడి ఉంటే, ఆ రెండు మాటలూ ఒకదాని చోట్లో ఒకటి వచ్చి కూర్చుంటున్నాయి. కుడి జేబులో బెల్లం ముక్క ఉంది. ఎడమ జేబులో తడిగుడ్డ చుట్టిన మందు సీసా ఉంది. బెల్లం పెట్టాల్సినప్పుడు సూది వేస్తే పిల్ల పోతుంది, సూది వెయ్యాల్సినప్పుడు బెల్లం పెడితే పిల్ల పోతుంది, ఇంత మాత్రం బాగా గుర్తుంది, ఇదొక్కటీ మరిచిపోయినా బాగుండేది. బండి ఎందుకు ఆగిందంటే బెంగుళూరు వైపు నుంచి వచ్చే బండికి దారి ఇవ్వాలట, అరగంట పడుతుందన్నాడు గార్డు, పచ్చజెండా చంకలో పెట్టుకుని, వక్కాకు నములుతూ. ఆయనకేం, అరగంట అంటే అరగంటే. హిందూపురం చేరాలంటే ఇంకా గంటపైన పడుతుంది. కిటికీలోంచి చూస్తే పెనుకొండ గుట్ట ఎండలో అట్లాగే కూర్చుని ఉంది, దానికి ఏ తొందరా లేదు.

నుదురు ముట్టుకున్నాను. తడి. అయితే చెమటే, అయితే బెల్లమే, అని చెయ్యి కుడి జేబులోకి పోయింది కూడా. అంతలో ఎదుటి బల్ల మీది ముసలామె కొంగు చివర చెంబులో ముంచి పాప నుదుటి మీద పిండింది. ఆమె పేరు మారెమ్మ, రొళ్ల దగ్గర గొర్రెలు మేపుకునే ఇంటి మనిషి, బత్తలపల్లిలో కూతురి కాన్పు చూసుకుని తిరిగి పోతోంది. ఇవన్నీ ఆమే చెప్పింది, ఎప్పుడు చెప్పిందో నాకు గుర్తు లేదు.

"ఎంతసేపట్నుంచి తడుపుతాండావవ్వా?" అన్నాను.

"ధర్మవరం ఇడిసినప్పట్నుంచీ తడుపుతానే ఉండా కదప్పా. నీ కండ్ల ముందరే కదా."

నా కళ్ల ముందరే. రంగు నీళ్లలో పట్టునూలు చిలప వేసి, ఏ క్షణాన తియ్యాలో ఇరవై ఏళ్లుగా ఈ కళ్లతోనే కదా చూసి చెబుతున్నాను, ధర్మవరంలో నేత పని తెలిసినవాళ్లు చెన్నకేశవులు కళ్లు అంటే ఒక మాట ఎక్కువే చెప్పుకుంటారు, ఆ కళ్లు గంటకు పైగా ఒక ముసలామె చెయ్యి నా బిడ్డ నుదుటి మీద ఆడటం చూడలేదు. ఇప్పుడు ఇది చెమటా, చెంబులో నీళ్లా? కాళ్లు ముట్టుకున్నాను, వేడీ కాదు, చల్లనా కాదు. పెదవులు ఎండి పొక్కులు లేచాయి, కానీ ఈ వైశాఖం ఎండలో నావీ ఎండాయి. ఊపిరి పెద్దగా తీస్తోందా? తీస్తున్నట్టే ఉంది. ఇంజను కూడా ఊపిరి పెద్దగానే తీస్తోంది, దానితో కలిసి ఏది ఎవరిదో తెలియడం లేదు. పైగా మాగిపోయిన పండ్ల వాసన ఒకటి, పొద్దున్నుంచి వెంటబడి వస్తోంది.

"బల్ల కింద పండ్ల గంప ఏమన్నా పెట్టినావా అవ్వా?"

"నాకాడ పండ్లు యాడియప్పా? సంగటి మూట ఉండాది, అంతే. ఆ వాసన పాప నోట్లోంచి వస్తాండాది, నువ్వు కన్నతండ్రివి, నీకు తెలీలేదా?"

వంగి చూశాను. నిజమే. వాసన గురించి డాక్టరు ఏదో చెప్పాడు. ఏదో చెప్పాడు, నేను తలూపాను. నా జన్మకు తలూపడం ఒకటి బాగా వచ్చు.

మొదట చీమలు వచ్చాయి. పాప దొడ్లో కూర్చుని లేచిన చోట ఎర్రచీమలు బారులు తీరేవి, నా భార్య యల్లక్క పసుపు చల్లి ఊరుకునేది. తర్వాత కడవలో నీళ్లు నిలవకుండా పోయాయి, రాత్రికి నింపింది తెల్లారేసరికి సగం, నేను కడవకు చిల్లు పడిందని తిరగేసి తట్టి చూశాను. ఆ నీళ్లన్నీ పిల్ల తాగుతోందని ఎవరికి తడుతుంది? నాలుగు పూటల తిండి ఒక పూటలో తిని, జాకెట్టు చేతులు వదులై, భుజం మీది ఎముక బయటికి వచ్చాక, ఒక రోజు మగ్గం పక్కనే నిద్రపోతున్నట్టు ఒరిగిపోయింది. అప్పుడే హిందూపురం పోయాం. డాక్టరు నీలం మందు ఒక గాజుగొట్టంలో రెండంగుళాలు పోసి, పాప ఒంటేలు ఎనిమిది చుక్కలు వేసి, దీపం మీద కాచాడు. నీలం పచ్చబడింది, పచ్చ పసుపైంది, పసుపు నారింజై, చివరికి అడుగున ఇటుక రంగు దిగింది. నా ఖర్మ ఏమిటంటే, అప్పుడు నాకు మొదట కలిగింది సంతోషం. అంత చిన్న గొట్టంలో ఒక్క కాపులో అయిదు రంగులు! ఏం కలుపుతారు సార్ దీంట్లో అని అడగబోయి, ఆయన ముఖం చూసి ఊరుకున్నాను. "ఒంటేల్లో చక్కెర పోతాంది చెన్నకేశవులూ. ఇటుక రంగొస్తే చెడ్డది. నీలం నీలంగానే ఉంటే మంచిది" అన్నాడు. రంగు మారకపోతే మంచిదన్న మాట నా బతుకులో అదే మొదటిసారి వినడం.

కడుపులో ఒక రసం ఊరాలట. ఆ రసం ఉంటేనే తిన్న అన్నం ఒంటికి పడుతుందట. పెద్దవాళ్లకు ఈ జబ్బు వస్తే ఊట తగ్గుతుంది గానీ పూర్తిగా పోదట, పిల్లలకు వస్తే మొత్తం ఎండిపోతుందట, అందుకని ఆ రసాన్నే సీసాలో తెచ్చి సూదితో ఎక్కించాలట. నేను విన్నాను. విని, ఎండిన బావిలో వాన పడితే నీళ్లు రావా అనుకున్నాను. మా వీధి లింగప్పకూ ఇదే జబ్బు, ఇదే పేరు, అరవై ఏళ్ల మనిషి, అన్నం మాని రాగిసంగటి, కాకరకాయ కూర తింటూ, ఒక్క సూది లేకుండా ఇప్పటికీ బుటా చీర నేస్తున్నాడు. ముసలి ఒంటికే అట్లా లొంగిన జబ్బు లేత ఒంటికి ఇంకా తొందరగా లొంగదా? ఇది నా లెక్క. ముసలివాడికి ఊట ఉండబట్టి లొంగిందని డాక్టరు చెప్పిందే కదా, మరి ఆ మాట ఇప్పుడు ఈ బండిలో గుర్తొచ్చినంత బాగా అప్పుడెందుకు గుర్తు రాలేదు?

"ఎన్ని దినాలు ఏయల్ల సార్ సూది?" అని అడిగాను. "పిల్ల అన్నం తినే దినాలన్నీ ఏయల్ల. ఇది పోయే జబ్బు కాదు" అన్నాడు. మందిచ్చే ఏ మనిషైనా మొదట భయపెడతాడు, పథ్యం తప్పకుండా ఉండాలని. మా నాయనకు కామెర్లు వచ్చినప్పుడు నాటువైద్యుడు కూడా ఉప్పు ముడితే చస్తావన్నాడు, మండలం గడిచాక ఆయనే వచ్చి ఉప్పూ కారం పెట్టించాడు. నా మోకాలి వాపుకు మండలం. యల్లక్క తలనొప్పికి మండలం. ఏ మందుకైనా ఒక మొదలు, నలభై ఎనిమిది రోజులు, ఒక చివర. చివర లేని మందు ఉంటుందని మా ఇంట్లో ఎవరు విన్నారు? మగ్గం మీద ఎంత పొడుగు పడుగు వేసినా ఒకనాటికి కోసి దించుతాం కదా. యల్లక్క పట్టుదారం పోగు ఒకటి తీసి, సూది వేసిన ప్రతి పొద్దూ ఒక ముడి వేసింది. ఏడ్చే పిల్లకు ఆ దారం చూపించి, ఇంకా ఇన్నే ముడులమ్మా అని చెప్పేవాళ్లం. పాప వేలితో ఒక్కో ముడీ తడుముకుని లెక్కపెట్టుకునేది. ముప్పై ముడులయ్యాక ఏడవడం మానింది. నలభై దాటాక సూది చూసి నవ్వింది కూడా.

మధ్యలో ఒక శనివారం. యల్లక్క వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు ఉంటుంది, పాప కూడా అమ్మతోపాటు ఉంటానంది, మేము మురిసిపోయాం. సూది మాత్రం వేళకు వేశాను. గంటకల్లా పిల్ల చేతులు వణికి, ఒళ్లంతా చెమటలు పోసి, చల్లబడి, గుమ్మంలో పడిపోయింది. చెమట పడితే బెల్లం! ఆ రోజు గుర్తొచ్చింది, పరుగెత్తి బెల్లం నీళ్లు పోశాను, పావుగంటలో లేచి కూర్చుని ఆకలి అంది. ఆ రోజు నుంచి ఈ జబ్బు గుట్టు నాకు తెలిసిపోయిందనుకున్నాను. పడిపోతే బెల్లం, అంతే. ఈ పొద్దున పడిపోయినప్పుడు కూడా బెల్లం నీళ్లే పోశాను. ఒక గ్లాసు. లేవలేదు. మరో గ్లాసు. లేవలేదు. మూడోది పోయబోతుంటే యల్లక్క నా చెయ్యి పట్టుకుంది.

నలభై ఎనిమిదో రోజు పొద్దున, డాక్టరిచ్చిన గొట్టంలో ఒంటేలు కాచి చూస్తే నీలం. స్వచ్ఛమైన నీలం, నెమలి మెడ లాంటిది. వారం రోజులుగా నీలమే. రోగం తగ్గిపోయింది అన్నాను నేను. యల్లక్క కాదు, నేను. నెలలు నిండిన మనిషి, వంగలేక గోడ పట్టుకుని నిలబడి, "ఒకతూరి డాక్టరును అడిగి వస్తే పోలా?" అంది. అడగడానికేముంది, రంగు చూసి చెప్పడం నాకు ఒకరు నేర్పాలా అన్నాను. ఆ నీలం రోజూ వేసే సూది తెచ్చిన నీలమని, సూది మానితే అదీ మానుతుందని, అంత చిన్న సంగతి తట్టలేదు. రంగు నీళ్లలో ఉన్నంతసేపూ చిలప ఎట్లా మెరుస్తుందో, తీసి ఆరబెట్టాక ఎట్లా ఉంటుందో తెలిసినవాణ్ని, నాకు తట్టలేదు. మారుపథ్యం పెట్టాం. పాపకు తలంటి, కొత్త పావడా కట్టి, ఇన్నాళ్లూ మాన్పించినవన్నీ విస్తరిలో వడ్డించాం, బెల్లం ఓళిగలు మూడు తినింది, నెయ్యి కారుతుంటే మోచేయి నాకింది. రేకు డబ్బాలో గాజుగొట్టం, నీలం మందు సీసా, సూది అన్నీ సర్ది అటక మీద పెట్టాను. ఇంగ ముడులు లేవా నాయనా అంది. లేవమ్మా, అయిపోయినాయి అన్నాను. ఆ దారం దాని మణికట్టుకే కట్టాను, గెలిచిన దానికి గుర్తుగా. ఇప్పుడూ ఉంది చేతికి.

అది నాలుగు రోజుల కిందట. రెండో రోజు కడవ ఖాళీ. మూడో రోజు వాంతి, ఓళిగలు అరగలేదనుకున్నాం. ఈ పొద్దున ఇది. అటక ఎక్కి డబ్బా దించి, సూది మందు సీసా కోసం చూస్తే డబ్బాలో లేదు. అది ఎండకు చెడకుండా పెట్టే తడి ఇసుక కుండలోనే ఎప్పటిలాగే ఉంది, చల్లగా. మండలం అయిపోయిందని నేను డబ్బా అటకెక్కిస్తే, యల్లక్క ఆ కుండను మాత్రం రోజూ రెండు పూటలా తడుపుతూనే ఉంది. నాతో ఒక్క మాట అనలేదు. ఈ పొద్దునా అనలేదు, కుండలోంచి సీసా తీసి గుడ్డ చుట్టి నా చేతిలో పెట్టింది, అంతే. తిట్టి ఉంటే ఎంత బాగుండేది.

"ఏమప్పా, పాప ఒంటేలు పోసినాది చూడు" అంది మారెమ్మ. నా తొడ తడిసింది. పావడా తడిసింది, బల్ల మీంచి కారుతోంది. పిల్ల పసిబిడ్డలా ఇట్లా అయిపోయిందే అని ఏడుపు వచ్చింది, ఏడుస్తూనే చూశాను, పావడాలోంచి చుక్కలు, ఒకటి, రెండు, మూడు. ఎనిమిది చుక్కలు కావాలి. ఎనిమిదే కదా! వెంట తెచ్చిన రేకు డబ్బా తెరిచి గాజుగొట్టం తీశాను.

పావడా అంచు గొట్టం మీద పిండబోయి ఆగిపోయాను. ఆ పావడా ఎరుపు. మారుపథ్యం కోసం నేనే స్వయంగా రంగు వేసిన నూలు పావడా. ఇప్పుడు గొట్టంలో ఎరుపు వస్తే అది ఒంటేలుదా, పావడాదా? దేవుడా, ఇంత తెలివైనవాణ్ని, బిడ్డకు తెల్లగుడ్డ ఒకటి కట్టలేకపోయానా? నా భుజం మీది తెల్ల తువ్వాలు తీసి, దాని మీద పావడా అంచు గట్టిగా పిండాను. తడి మచ్చ ఒకటి పడింది. ఎండలోకి పట్టి చూశాను. ఎరుపు లేదు. మళ్లీ పిండి, మళ్లీ చూశాను. నీళ్ల మచ్చ, అంతే. నా రంగు దిగదు. ఇరవై ఏళ్లలో నేను చేసిన తప్పులు ఎన్నో ఉండొచ్చు, ఈ నాలుగు రోజుల్లో చేసినవే ఒక జన్మకు సరిపోతాయి, కానీ నా రంగు మాత్రం దిగదు. నీలం మందు పోసి ఎనిమిది చుక్కలు పిండుకుని, పాపను మారెమ్మ ఒళ్లో పెట్టి ప్లాట్‌ఫారం మీదికి దూకాను.

టీ అంగడివాడు పొయ్యి మీద కాగుతున్న నీళ్ల గిన్నె వైపూ, నా చేతిలోని గొట్టం వైపూ మార్చి మార్చి చూశాడు. "ఏందప్పా అది?"

నిజం చెబితే పొయ్యి దగ్గరికి రానివ్వడు. "రంగప్పా. పట్టు రంగు. కాగితే యా రంగు తేల్తాదో చూడల్ల. ఈ సూది కూడా రవ్వంత నీ నీళ్లలో ఉడకనీ, పాపకు బాగలేదు."

"రంగుల యవ్వారం బండి కాడనా?" అని గొణిగాడు గానీ జరిగాడు. పట్టకారుతో గొట్టం బొగ్గుల మీద పట్టాను. నీలం. నీలమే ఉంది. నీలమే ఉంటే బెల్లం పెట్టాలి, రెండు గ్లాసులకు లేవని పిల్లకు మూడోది పోస్తే చాలేదేమో, యల్లక్క ఎందుకు ఆపింది, ఆమెకేం తెలుసు, నాకేం తెలుసు. అడుగున చిన్న బుడగ లేచింది. పచ్చ. ఇంకా కాగనీ. పసుపు. చాలు, ఆగు, ఇంతటితో ఆగు అని గొట్టాన్ని బతిమాలాను. నారింజ. తర్వాత ఇటుక రంగు గొట్టం నిండా చిక్కగా లేచింది, మొదటి రోజు డాక్టరు దీపం మీద చూసిన దాని కంటే చిక్కగా. ఇది ఇక ఎవరినీ అడగక్కర్లేదు. ఈ ఒక్కటి నాకు చదవడం వచ్చు. సూది.

"మంచి రంగే వచ్చిందే" అన్నాడు టీ అంగడివాడు.

అవతల లైను మీద బెంగుళూరు బండి దడదడ వచ్చి ఆగింది, మా బండి కూత వేసింది. ఉడికిన సూది వేళ్లకు చురుక్కుమంటున్నా పట్టుకుని పరుగెత్తి ఎక్కాను. సీసా అరచేతుల మధ్య దొర్లించి, వెలుతురుకు పట్టి, విరుగులు లేవని చూసుకుని, డాక్టరు చూపించిన గీత దాకా లాగాను. ఆ గీత చాలుతుందో లేదో ఆయనకే తెలియాలి, అయినా అంత వరకే. బండి కదిలింది. మారెమ్మ పాప కాలు రెండు చేతులతో కదలకుండా పట్టుకుంది, గొర్రెపిల్లలను పట్టి అలవాటైన చేతులు. తొడ కండ చిటికెడు పట్టి పొడిచాను. పాప ఏడవలేదు. నలభై ఎనిమిది రోజులు ఏడవొద్దమ్మా అని బతిమాలినవాణ్ని, ఈ ఒక్కసారి ఏడవమ్మా అని మనసులో మొక్కుకున్నాను. ఏడవలేదు. మారెమ్మ చెంబులో నీళ్లు కొంగుతో పెదవుల మీద చుక్క చుక్కగా వదులుతోంది. నేను మణికట్టు పట్టుకుని కూర్చున్నాను, నాడి చూడడం నాకు రాదు, ఊరికే పట్టుకున్నాను, వేళ్ల కింద దారం ముడులు తగులుతున్నాయి. డాక్టరుకు ఏం చెప్పాలి? సీసా పగిలిపోయిందని చెప్పొచ్చు. ఊరికి పోయి ఉండినామని చెప్పొచ్చు. లేదు, ఓళిగలతో సహా చెప్పాలి, ఏ రోజు మానానో, ఈ పొద్దున ఎన్ని గ్లాసులు పోశానో, అన్నీ చెబితేనే ఆయనకు ఏం చెయ్యాలో తెలుస్తుంది. తిట్టనీ. ఎవరో ఒకరు తిట్టాలి నన్ను.

మలుగూరు దగ్గర బండి నెమ్మదించింది. ఎండ కిటికీలోంచి పాప ముఖం మీద పడింది, తువ్వాలు అడ్డం పెట్టాను. దాని నాలుక కదిలింది. మారెమ్మ వదిలిన చుక్క కోసం పెదవి ముందుకు వచ్చింది, ఇంకో చుక్కకు మళ్లీ వచ్చింది. కళ్లు తెరవలేదు. "నాయనా" అందో, అన్నట్టు నాకు వినిపించిందో, పట్టాల చప్పుడులో చెప్పలేను. మారెమ్మను అడిగితే తనకూ ఏదో వినిపించిందంది, నా ముఖం చూసి అట్లా అని ఉంటుంది.

కొంతసేపటికి ఆమే అడిగింది. "ఈ సూది ఎన్ని దినాలు ఏయల్లప్పా? మండలమా, రెండు మండలాలా?"

పాప మణికట్టు మీది దారం చూశాను. నలభై ఎనిమిది ముడులు. దాని చివర ఒక జానెడు పోగు, ముడి లేకుండా వదులుగా వేలాడుతోంది.

"ఈ పిల్ల అన్నం తినే దినాలన్నీ ఏయల్లవ్వా."

మారెమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "అయ్యో రామా! అట్లయితే శానా దినాలప్పా!"

జాలిపడి అందామె ఆ మాట. నేను ఆ మాట పట్టుకుని ఏడ్చాను, చుట్టూ మనుషులు చూస్తున్నా ఏడ్చాను. "శానా దినాలే కావల్లవ్వా" అన్నాను. "ఇంగోతూరి అను, శానా దినాలను."

"శానా దినాలప్పా, శానా దినాలు" అంది మారెమ్మ, ఏం అర్థమైందో ఏమో, పాప తల నిమురుతూ. నేను దారం చివరి పోగు పట్టుకుని ఇంకో ముడి వేశాను.